సిస్టమ్ ఫంక్షన్ ద్వారా ఇచ్చిన సీడీ ఆదేశం నా ప్రోగ్రామ్ డైరెక్టరీని ఎందుకు మార్చడం లేదు?

ప్రశ్న: అరండల్‌పేట, గుంటూరు నుంచి

అందరికీ నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులో మా కుటుంబానికి ఒక కమీషన్ కొట్టు ఉంది. రైతు తెచ్చిన టిక్కీల కాటా, పలికిన ధర, కమీషన్, హమాలీ, చివరగా రైతు చేతికి ఇచ్చే పట్టీ, వీటన్నిటి లెక్క చూసే ప్రోగ్రామ్‌ను మా బాబాయి చాలా ఏళ్ల క్రితం డాస్ మీద టర్బో సీలో రాశారు. పాత కంప్యూటర్ ఇక పనికిరాదని తేలిన తరువాత, ఆ ప్రోగ్రామ్‌ను నేను లినక్స్ మీదికి తెచ్చి జీసీసీతో కంపైల్ చేశాను. తెర మీద రంగులు వేసే భాగాలు, కీబోర్డు చదివే భాగాలు తిరిగి రాయవలసి వచ్చింది గాని, లెక్కల భాగాన్ని దాదాపు ఉన్నది ఉన్నట్టే ఉంచాను.

ప్రోగ్రామ్ మొదట ఏ సంవత్సరం, ఏ నెల అని అడుగుతుంది. ఆ పేర్లతో ఒక సీడీ ఆదేశాన్ని, అంటే ప్రస్తుత డైరెక్టరీని మార్చే ఆదేశాన్ని కూర్చి, దానిని బయటి ఆదేశాలను నడిపించే సిస్టమ్ ఫంక్షన్‌కు ఇస్తుంది. ఆ తరువాత పట్టీల ఫైలును దారి ఏదీ చెప్పకుండా కేవలం పేరుతోనే తెరుస్తుంది. డాస్ మీద ఇది ఒక్కసారి కూడా తప్పలేదని బాబాయి చెబుతున్నారు, నేను కూడా చూశాను. లినక్స్ మీద మాత్రం ఫైలు ఆ నెల డైరెక్టరీలో కాకుండా, నేను ఎక్కడ నిలబడి ప్రోగ్రామ్‌ను నడిపానో అక్కడే తెరుచుకుంటున్నది. అక్కడ ఆ పేరుతో ఫైలు లేదు కనుక ప్రోగ్రామ్ అది కొత్త నెల అనుకొని పట్టీ నంబర్లను 1 నుంచి మొదలుపెట్టింది. సాయంత్రం చిఠ్ఠాతో సరిచూసేటప్పుడు ఒకే నంబరు మీద ఇద్దరు రైతుల పట్టీలు కనిపించడంతో ఈ విషయం బయటపడింది. డబ్బు తేడా రాలేదు గాని, రైతుకు ఇచ్చే కాగితంలో ఇలాంటి పొరపాటు ఉండకూడదు కనుక అప్పటి నుంచి చేతితోనే పట్టీలు రాస్తున్నాము.

నేను గమనించిన సంగతులు ఇవి. సిస్టమ్ ఫంక్షన్ సున్నాను తిరిగి ఇస్తున్నది, అంటే ఆదేశం నెరవేరినట్టే. అయినా ఆ వెంటనే మరొకసారి సిస్టమ్ ఫంక్షన్ ద్వారా ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ ఇస్తే పాత డైరెక్టరీలోని ఫైళ్లే కనిపిస్తున్నాయి. అదే సీడీని, ఎల్ఎస్‌ను ఒకే ఆదేశంలో రెండు యాంపర్‌శాండ్ గుర్తులతో కలిపి ఇస్తే మాత్రం కొత్త డైరెక్టరీలోని ఫైళ్లు వస్తున్నాయి. నెరవేరిన ఆదేశం ఎందుకు నిలవడం లేదో, డాస్ మీద ఎందుకు నిలిచిందో తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను. పని జరిగిపోతే చాలునని కాదు, కారణం తెలియకుండా లెక్కల ప్రోగ్రామ్‌ను మళ్లీ నమ్మలేను.


సమాధానం: పటమట, విజయవాడ నుంచి

మీరు చేసిన రెండు పరీక్షలలోనే జవాబు చాలా వరకు ఉంది. లినక్స్‌లో ప్రతి ప్రాసెస్‌కు, అంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కు, తనదైన వర్కింగ్ డైరెక్టరీ, అంటే అది ప్రస్తుతం నిలబడి ఉన్న డైరెక్టరీ ఉంటుంది. దానిని ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగమైన కెర్నెల్ ఆ ప్రాసెస్ వివరాలతో పాటు తన దగ్గర దాచుకుంటుంది. మీరు సిస్టమ్ ఫంక్షన్‌ను పిలిచినప్పుడు అది ఫోర్క్ ద్వారా మీ ప్రోగ్రామ్ నుంచి ఒక కొత్త ప్రాసెస్‌ను పుట్టిస్తుంది, ఆ కొత్త ప్రాసెస్‌లో, ఆదేశాలను చదివి నడిపే షెల్ అనే ప్రోగ్రామ్‌ను ఎక్కించి మీ ఆదేశాన్ని దాని చేతిలో పెడుతుంది, అది ముగిసేదాకా ఆగి, అది చెప్పిన ఫలితాన్ని మీకు తెచ్చి ఇస్తుంది. పుట్టిన క్షణంలో ఆ షెల్ వర్కింగ్ డైరెక్టరీ మీ ప్రోగ్రామ్‌ది ఏదో అదే, కాని అది నకలు మాత్రమే. షెల్ సీడీని నిజంగానే నెరవేర్చింది, తన డైరెక్టరీని నిజంగానే మార్చుకున్నది, సున్నా అని నిజమే చెప్పింది, ఆ వెంటనే ముగిసిపోయింది. మారిన డైరెక్టరీ దానితోనే పోయింది.

మీ కొట్టు పరిభాషలోనే చెప్పాలంటే, కార్బన్ కాగితం కింద పడిన నకలును చించి విడదీసిన తరువాత ఆ నకలు మీద ఎవరు ఏ దిద్దుబాటు చేసినా అసలు పట్టీ మీద పడదు. ఫోర్క్ చేసేది అలా చించి ఇవ్వడమే. సీడీని, ఎల్ఎస్‌ను ఒకే ఆదేశంలో కలిపినప్పుడు సరైన జాబితా రావడానికి కారణం కూడా ఇదే. అప్పుడు రెండు పనులూ ఒకే షెల్‌లో జరుగుతాయి కనుక ఎల్ఎస్ పుట్టేనాటికి ఆ షెల్ అప్పటికే కొత్త చోట ఉంటుంది. విడివిడిగా ఇచ్చినప్పుడు రెండవ సిస్టమ్ పిలుపు మరొక కొత్త షెల్‌ను, మళ్లీ మీ పాత డైరెక్టరీ నుంచే పుట్టిస్తుంది.

దీనిని కళ్లారా చూడాలంటే మీ ప్రోగ్రామ్‌ను, అది కెర్నెల్‌ను అడిగే ప్రతి పనినీ చూపే స్ట్రేస్ కింద, పిల్ల ప్రాసెస్‌లను కూడా వెంబడించే ఎఫ్ ఐచ్ఛికంతో నడపండి. డైరెక్టరీ మార్చమని కెర్నెల్‌ను అడిగే సీహెచ్‌డిర్ అనే సిస్టమ్ కాల్ ఒకటి కనిపిస్తుంది, దాని పక్కన ఉన్న ప్రాసెస్ నంబరు మీ ప్రోగ్రామ్‌ది కాదని గమనిస్తారు. నడుస్తున్న ఏ ప్రాసెస్ అయినా ఏ డైరెక్టరీలో ఉన్నదో తెలుసుకోవాలంటే ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు కింద సీడబ్ల్యూడీ అనే లింకు ఉంటుంది. దానిని చదివితే సరిపోతుంది.

ఇక చేయవలసిన మార్పు చిన్నది. షెల్ చేత చేయించే బదులు మీ ప్రోగ్రామే యూనిఎస్‌టీడీ హెడర్‌లోని సీహెచ్‌డిర్ ఫంక్షన్‌ను నేరుగా పిలవాలి. అప్పుడు మారేది మీ ప్రాసెస్ డైరెక్టరీయే కనుక ఆ తరువాత ఎఫ్‌ఓపెన్ తెరిచే ఫైలు అక్కడిదే అవుతుంది. అది తిరిగి ఇచ్చే విలువను తప్పకుండా చూడండి. సున్నా కాకుండా మైనస్ ఒకటి వస్తే ప్రోగ్రామ్ అక్కడే ఆగాలి, ఒక్క పట్టీ కూడా రాయకూడదు. డైరెక్టరీ లేకపోయినా, ఆ పేరుతో ఉన్నది మామూలు ఫైలు అయినా, ఆ డైరెక్టరీలోకి ప్రవేశించే అనుమతి మీ యూజర్‌కు లేకపోయినా ఇలా జరుగుతుంది, ఎర్ర్‌నో విలువ ఆ తేడాను చెబుతుంది.

డాస్ నుంచి వచ్చిన కోడ్ కనుక మరి రెండు చోట్ల చూడమని కోరుతున్నాను. డాస్ డైరెక్టరీ పేర్లలో పెద్ద అక్షరాలకు, చిన్న అక్షరాలకు తేడా చూడదు, లినక్స్ చూస్తుంది. అలాగే వెనక్కి వాలిన గీతతో కూర్చిన దారి లినక్స్‌లో దారి కాదు, ఆ గీత కూడా పేరులో ఒక అక్షరమే. మరొక మాట, ప్రస్తుత డైరెక్టరీ ఏదో ప్రోగ్రామ్‌లో తెలుసుకోవాలంటే పీడబ్ల్యూడీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను చదవకండి. దానిని షెల్ తన సౌకర్యం కోసం సరిచేసుకుంటూ ఉంటుంది తప్ప, మీరు సీహెచ్‌డిర్ పిలిచినంత మాత్రాన అది మారదు. కెర్నెల్‌ను అడిగే గెట్‌సీడబ్ల్యూడీ ఫంక్షన్ మాటే నమ్మదగినది.


సమాధానం: బ్రాడీపేట, గుంటూరు నుంచి

పటమట మిత్రులు చెప్పినది సరైనది. నేను ఇంజనీరింగ్ కళాశాలలో చాలా ఏళ్లు ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెప్పి విరమించినవాడిని కనుక, డాస్ మీద అది ఎందుకు పనిచేసిందన్న రెండవ సగానికి జవాబు చెప్పడం నా వంతు అనుకుంటున్నాను. ఎందుకంటే మీ బాబాయి గారు తప్పు కోడ్ రాశారన్న అభిప్రాయం ఎవరికీ కలగకూడదు. ఆయన రాసిన చోట అది సరైన కోడే.

ఎంఎస్ డాస్‌కు డైరెక్టరీలు 1983లో వచ్చిన 2.0 వెర్షన్‌తో వచ్చాయి. అందులో ప్రస్తుత డైరెక్టరీ ఒక ప్రోగ్రామ్‌కు చెందిన వస్తువు కాదు. ఒక్కొక్క డ్రైవుకు ఒక్కటి చొప్పున డాసే తన దగ్గర ఉంచుకునేది. మీ ప్రోగ్రామ్ సిస్టమ్ ఫంక్షన్‌ను పిలిస్తే కమాండ్ డాట్ కామ్ అనే షెల్ మరొకసారి మెమరీలోకి వచ్చి సీడీని నెరవేర్చేది, ఆ మార్పు నేరుగా ఆ ఉమ్మడి పట్టికలో పడేది. షెల్ ముగిసినా పట్టిక అలాగే ఉంటుంది కనుక మీ ప్రోగ్రామ్ కొత్త డైరెక్టరీలోనే ఉండేది. అంతేకాదు, ప్రోగ్రామ్ ముగిసిన తరువాత కూడా ప్రాంప్ట్ ఆ నెల డైరెక్టరీనే చూపేది. ఆ రోజులలో మీ కొట్టులో ఎవరైనా ప్రోగ్రామ్ నుంచి బయటికి రాగానే సీడీతో వెనక్కి వెళ్లే అలవాటు ఉన్నదేమో బాబాయి గారిని అడగండి, ఉండే ఉంటుంది. మెమరీలో ఒక సమయంలో ఒకే పని జరిగే యంత్రంలో ఈ ఏర్పాటు వల్ల పెద్ద చిక్కు లేదు. పది ప్రోగ్రామ్‌లు ఒకేసారి నడిచే యంత్రంలో ఒక ప్రోగ్రామ్ సీడీ చేస్తే మిగిలిన తొమ్మిదీ దారి తప్పుతాయి.

ఇది మీకు ఒక్కరికే ఎదురైన చిక్కు కాదు. లినక్స్‌కు మాతృక అయిన యూనిక్స్ రాసినవారికే మొట్టమొదట ఎదురైంది. పీడీపీ 7 యంత్రం మీద మొదటి యూనిక్స్‌లో ఒక టెర్మినల్‌కు ఒకే ప్రాసెస్ ఉండేది. డైరెక్టరీ మార్చే సీహెచ్‌డిర్ అప్పుడు మామూలు ఆదేశమే, మిగిలిన ఆదేశాలలాగే ఒక ఫైలుగా ఉండేది. ఆ ఒక్క ప్రాసెస్ డైరెక్టరీనే అది మార్చేది కనుక పని జరిగేది. తరువాత ఫోర్క్‌ను తెచ్చి, ప్రతి ఆదేశాన్నీ వేరే ప్రాసెస్‌లో నడపడం మొదలుపెట్టగానే సీహెచ్‌డిర్ ఆదేశం పనిచేయడం మానేసింది. ఫోర్క్ చేర్చినంత మాత్రాన ఇది ఎలా చెడిందోనని కోడ్ అంతా ఎంతో సేపు చదివి, ఆందోళనతో ఆలోచించి, చివరకు అసలు సంగతి గ్రహించామని డెన్నిస్ రిచీ 1979లో యూనిక్స్ పరిణామం గురించి రాసిన వ్యాసంలో వివరించారు. ఆదేశం తన పని సరిగానే చేసింది, కాని తనను నడపడానికి పుట్టిన ప్రాసెస్ డైరెక్టరీని మార్చి, ఆ ప్రాసెస్‌తో పాటే ముగిసిపోయింది. అందుకే దానిని షెల్ లోపలి ఆదేశంగా మార్చవలసి వచ్చింది. సీహెచ్‌డిర్ పేరు కాలక్రమంలో సీడీ అయింది గాని ఆ ఏర్పాటు నేటికీ అదే.

ఈ సూత్రం డైరెక్టరీతో ఆగదు. కొత్త ఫైళ్ల అనుమతులను నిర్ణయించే యూమాస్క్, వనరుల పరిమితులను పెట్టే యూలిమిట్, ఎన్విరాన్‌మెంట్‌లోకి వేరియబుల్‌ను పంపే ఎక్స్‌పోర్ట్, ఇవన్నీ ప్రాసెస్‌కు చెందిన వస్తువులనే మారుస్తాయి కనుక షెల్ లోపలి ఆదేశాలుగానే ఉండాలి. పరీక్షలో విద్యార్థులు సీడీని ఒక్కదానినే మినహాయింపుగా బట్టీ పట్టి రాసేవారు. కారణం పట్టుకున్నవారికి మిగిలినవి కూడా వాటంతట అవే తెలిసేవి. మాక్ ఓఎస్‌లో యూఎస్ఆర్ బిన్ కింద సీడీ అనే పేరుతో ఒక ఫైలు నిజంగానే ఉంది. దానిని నడిపితే ఆ డైరెక్టరీలోకి ప్రవేశం ఉన్నదో లేదో తెలుస్తుంది తప్ప, మీరు నిలబడిన చోటు మారదు.

విండోస్ సంగతి కూడా చెప్పడం మంచిది. డాస్ వారసత్వం ఉన్నా అక్కడ కూడా నేడు ప్రస్తుత డైరెక్టరీ ప్రాసెస్‌దే, కనుక మీ కోడ్ ఇప్పటి విండోస్‌లో కూడా ఇలాగే విఫలమవుతుంది. అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాచ్ ఫైలును పేరు పెట్టి నడిపితే అది అదే షెల్‌లో నడుస్తుంది కనుక అందులోని సీడీ, ఫైలు ముగిసిన తరువాత కూడా నిలుస్తుంది. లినక్స్‌లో స్క్రిప్టును అలా నడిపితే వేరే ప్రాసెస్ పుడుతుంది కనుక నిలవదు. ఒక చోట అలవాటైనవారు మరొక చోట తడబడేది ఇక్కడే.


సమాధానం: బెంజ్ సర్కిల్, విజయవాడ నుంచి

సీహెచ్‌డిర్‌తో మీ పని జరుగుతుందన్న మాట నిజమే. అయినా లెక్కల ప్రోగ్రామ్ కనుక నేను మరొక అడుగు ముందుకు వేసి, డైరెక్టరీని అసలు మార్చకండి అంటాను. సంవత్సరం, నెల పేర్లతో సీడీ ఆదేశాన్ని కూర్చే బదులు అవే పేర్లతో ఫైలు పూర్తి దారిని కూర్చి, ఆ దారితోనే ఎఫ్‌ఓపెన్‌ను పిలవండి. అప్పుడు మీరు ఎక్కడ నిలబడి ప్రోగ్రామ్‌ను నడిపినా, నిర్ణీత వేళకు పనులు నడిపే క్రాన్ దానిని మీ హోమ్ డైరెక్టరీ నుంచి నడిపినా, ఫైలు ఒకటే. పట్టీ ఫైలు లేకపోతే కొత్తది పుట్టించే భాగాన్ని కూడా విడదీసి, కొత్త నెల తెరవడం అనే పనిని మనిషి తెలిసి చేసేలా ఉంచండి. మీకు నిజంగా కీడు చేసింది సీడీ కాదు, ఫైలు కనిపించకపోతే నోరు మెదపకుండా 1 నుంచి మొదలుపెట్టే ఆ పద్ధతే.

వర్కింగ్ డైరెక్టరీ ప్రాసెస్ మొత్తానికి ఒకటే కనుక, అందులో ఏకకాలంలో నడిచే పనుల పాయలకు, అంటే థ్రెడ్‌లన్నిటికీ అది ఉమ్మడి. ఒక థ్రెడ్ డైరెక్టరీ మార్చిన క్షణంలో మరొక థ్రెడ్ కేవలం పేరుతో ఫైలు తెరిస్తే అది వేరే చోట తెరుచుకుంటుంది. ఇలాంటి తప్పు రోజుల తరబడి కనిపించకుండా ఉండి, పని ఒత్తిడి ఉన్న రోజునే బయటపడుతుంది. పైథాన్ 3.11లో ఒక బ్లాకు వరకు డైరెక్టరీ మార్చి తిరిగి వెనక్కి తెచ్చే సౌకర్యాన్ని కాంటెక్స్ట్‌లిబ్‌లో చేర్చినప్పుడు కూడా, థ్రెడ్‌ల మధ్య అది సురక్షితం కాదన్న హెచ్చరికను దానితోనే ఇచ్చారు. మరొక ప్రోగ్రామ్‌ను ఒక డైరెక్టరీలో నడపడమే మీ అవసరమైతే పైథాన్‌లోని సబ్‌ప్రాసెస్‌కు సీడబ్ల్యూడీ అనే ఆర్గ్యుమెంట్ ఇవ్వవచ్చు. అప్పుడు డైరెక్టరీ మారేది పిల్ల ప్రాసెస్‌లో మాత్రమే, మీ ప్రోగ్రామ్ కదలదు. గిట్, మేక్, టార్ వంటి పనిముట్లు పెద్ద సీ అక్షరం ఐచ్ఛికంతో డైరెక్టరీని తామే తీసుకుంటాయి కనుక వాటి కోసం సీడీ రాయవలసిన పనే లేదు. మేక్ ప్రస్తావన వచ్చింది కనుక, మేక్‌ఫైల్‌లో ఒక వరుసలో సీడీ రాసి తరువాతి వరుసలో పని రాసేవారు మీలాగే విస్తుపోతారు, ఎందుకంటే అక్కడ ఒక్కొక్క వరుసా ఒక్కొక్క కొత్త షెల్‌లో నడుస్తుంది.

షెల్ స్క్రిప్టులో సీడీ తప్పనిసరి అయితే అది విఫలమైతే స్క్రిప్టు ఆగిపోయేలా రాయండి. నేను లోగడ పనిచేసిన ఒక చోట, పాత బ్యాకప్‌లు ఉన్న డైరెక్టరీలోకి వెళ్లి అక్కడి ఫైళ్లను తుడిచేసే స్క్రిప్టు ఒకటి రోజూ రాత్రి నడిచేది. ఒకనాడు ఆ డిస్కు మౌంట్ కాలేదు, సీడీ విఫలమైంది, స్క్రిప్టు దానిని పట్టించుకోకుండా తాను నిలబడి ఉన్న డైరెక్టరీలోనే తుడిచే పని చేసింది. పోయిన ఫైళ్లను తిరిగి కూర్చడానికి మాకు మూడు రోజులు పట్టింది. ఆ స్క్రిప్టులో సీడీ పక్కన, విఫలమైతే ఆగిపో అనే ఒక్క మాట ఉంటే సరిపోయేది. అప్పటి నుంచి ఎవరి స్క్రిప్టు చదివినా నా కళ్లు ముందుగా ఆ వరుస మీదికే వెళతాయి.


ప్రశ్నించినవారి మాట: అరండల్‌పేట, గుంటూరు నుంచి

ముగ్గురికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీరు అన్నది అక్షరాలా నిజం. ప్రోగ్రామ్ మూయగానే వెనక్కి వెళ్లే సీడీని నడపడం కోసం బాబాయి ఒక బ్యాచ్ ఫైలే పెట్టుకున్నారట, ఎందుకు పెట్టారో నాకు ఇప్పుడు అర్థమైంది. పూర్తి దారులతో ఫైళ్లు తెరిచేలా కోడ్ మార్చాను. కొత్త నెల తెరవడానికి విడిగా ఒక మెనూ పెట్టి, ఫైలు లేకపోతే ప్రోగ్రామ్ ఆగిపోయేలా చేశాను.

దీనికి దగ్గరిదే మరొక సందేహం ఉంది. సంవత్సరం, నెల జాబితా చూపి, ఎంచుకున్న డైరెక్టరీలో నా టెర్మినల్‌ను నిలబెట్టే చిన్న ప్రోగ్రామ్ రాద్దామనుకున్నాను. ఫైళ్లను చేతితో పరిశీలించేటప్పుడు అది ఉపయోగం. ఇందులో సీహెచ్‌డిర్‌ను నేరుగానే పిలిచాను, ప్రోగ్రామ్ లోపల డైరెక్టరీ మారింది కూడా. కాని ముగియగానే షెల్ పాత చోటనే ఉంది. ఈసారి నకలు నా ప్రోగ్రామే, అసలు షెల్ అని గ్రహించాను. అయితే మిడ్‌నైట్ కమాండర్ వంటి ఫైల్ మేనేజర్ ప్రోగ్రామ్‌లు మూసిన తరువాత షెల్‌ను తాము ఉన్న డైరెక్టరీలో ఎలా వదలగలుగుతున్నాయి?


సమాధానం: పటమట, విజయవాడ నుంచి

అవి కూడా ఆ పనిని తమంతట తాము చేయలేవు, షెల్ సమ్మతితో చేయిస్తాయి. మిడ్‌నైట్ కమాండర్‌ను పెద్ద పీ ఐచ్ఛికంతో ఒక ఫైలు పేరు ఇచ్చి నడిపితే, తాను చివరగా ఉన్న డైరెక్టరీ పేరును మూసేముందు ఆ ఫైలులో రాస్తుంది. దానిని నడిపే చిన్న స్క్రిప్టు ఆ ఫైలును చదివి సీడీ చేస్తుంది. ఆ స్క్రిప్టు వేరే ప్రాసెస్‌గా కాకుండా మీ షెల్ లోపలే చదివించబడాలి, దీనికే చుక్క ఆదేశం లేదా సోర్స్ ఆదేశం. రేంజర్ వంటి ఫైల్ మేనేజర్లు కూడా ఎంచుకున్న డైరెక్టరీని ఇలాగే ఒక ఫైలులో రాసిపెడతాయి.

మీ విషయంలో ఫైలు కూడా అక్కరలేదు. మీ ప్రోగ్రామ్ ఎంచుకున్న డైరెక్టరీ పూర్తి దారిని స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు రాసి, మెనూను, ప్రశ్నలను స్టాండర్డ్ ఎర్రర్‌కు రాయాలి. బాష్ షెల్ మొదలయ్యేటప్పుడు చదివే మీ బాష్‌ఆర్‌సీ ఫైలులో ఒక షెల్ ఫంక్షన్ రాసి, అందులో ఆ ప్రోగ్రామ్‌ను నడిపి దాని అవుట్‌పుట్‌ను ఒక వేరియబుల్‌లోకి తీసుకోండి. ప్రోగ్రామ్ సున్నాతో ముగిసి, వేరియబుల్ ఖాళీగా లేకపోతేనే దానికి సీడీ చేయండి. షెల్ ఫంక్షన్ వేరే ప్రాసెస్‌లో నడవదు కనుక ఆ సీడీ మీ టెర్మినల్‌కు నిలుస్తుంది. అయితే ఆ ఫంక్షన్ శరీరాన్ని గుండ్రని బ్రాకెట్లలో పెట్టకండి, అవి సబ్‌షెల్‌ను పుట్టిస్తాయి. ఒక ఆదేశం అవుట్‌పుట్‌ను మరొకదానికి అందించే పైపు గుర్తు తరువాత కూడా సీడీ పెట్టకండి. బాష్ మామూలుగా పైపులోని ప్రతి ముక్కనూ సబ్‌షెల్‌లోనే నడుపుతుంది. జడ్‌ఎస్‌హెచ్ అనే మరొక షెల్ చివరి ముక్కను తన లోపలే నడుపుతుంది కనుక ఒకరి యంత్రంలో పనిచేసిన ఆదేశం మరొకరి దగ్గర పనిచేయకపోవచ్చు.

సీడీకి ఇచ్చే వేరియబుల్‌ను డబుల్ కోట్లలో పెట్టడం, దాని ముందు రెండు అడ్డగీతలు రాయడం మరవకండి. మొదటిది పేరులో ఖాళీ ఉన్నప్పుడు, రెండవది పేరు అడ్డగీతతో మొదలైనప్పుడు కాపాడుతుంది. ప్రోగ్రామ్ చేత సీడీ అనే ఆదేశాన్నే అచ్చు వేయించి దానిని, ఇచ్చిన అక్షరాలను ఆదేశంగా నడిపే ఇవాల్‌తో నడిపేవారు కూడా ఉన్నారు. డైరెక్టరీ పేరు ఒక్కటే కావలసినప్పుడు నేను దానిని సమ్మతించను, ఎందుకంటే ఇవాల్ చేతికి వెళ్లిన ప్రతి అక్షరమూ ఆదేశమే, ఎవరో పెట్టిన వింత పేరు మీ షెల్ చేత ఏ పనినైనా చేయించగలదు.

మరొక దారిలో, మీ ప్రోగ్రామ్ సీహెచ్‌డిర్ చేసి ఎగ్జెక్ ద్వారా తన స్థానంలో కొత్త షెల్‌ను ఎక్కించవచ్చు. మీరు కోరిన డైరెక్టరీలోనే ఉంటారు, కాని అది షెల్ లోపలి షెల్. ఎగ్జిట్ అనగానే పాత షెల్‌కు, పాత డైరెక్టరీకి వస్తారు, రోజుకు పదిసార్లు వాడితే ఎన్ని షెల్‌ల లోపల ఉన్నారో మీకే తెలియదు. తప్పులు వెతికే పనిముట్టు అయిన జీడీబీని మీ షెల్‌కు తగిలించి దాని చేత బలవంతంగా సీహెచ్‌డిర్ పిలిపించే ఉపాయాన్ని కూడా కొందరు చూపుతారు. కెర్నెల్ దృష్టిలో డైరెక్టరీ మారుతుంది, షెల్‌కు మాత్రం ఆ సంగతి తెలియదు. ప్రాంప్ట్ ఒకటి చూపుతుంది, ఎల్ఎస్ మరొకటి చూపుతుంది. లెక్కల ఫైళ్లు ఉన్న యంత్రంలో దాని జోలికి వెళ్లవద్దని మనవి.


ప్రశ్నించినవారి మాట: అరండల్‌పేట, గుంటూరు నుంచి

షెల్ ఫంక్షన్ రాశాను, సరిగా పనిచేస్తున్నది. మొదట నా ప్రోగ్రామ్ మెనూ కూడా వేరియబుల్‌లోకే వెళ్లి తెర ఖాళీగా కనిపించింది. దానిని స్టాండర్డ్ ఎర్రర్‌కు మార్చగానే సర్దుకున్నది. దారి తప్పి పుట్టిన పట్టీల ఫైళ్లను ఫైండ్ ఆదేశంతో హోమ్ డైరెక్టరీ అంతటా వెతికితే రెండు చోట్ల దొరికాయి, ఒకటి హోమ్ డైరెక్టరీలోనే, మరొకటి నేను కంపైల్ చేసిన డైరెక్టరీలో. వాటిలోని పట్టీలను చిఠ్ఠాతో ఒక్కొక్కటిగా సరిచూసి, అసలు నెల ఫైలులో వరుస నంబర్లతో ఎక్కించాను, నంబరు మారిన రైతులకు ఫోన్ చేసి కొత్త పట్టీలు తీసుకోమని చెప్పాను. నలుగురు వచ్చి తీసుకున్నారు, మిగిలినవారు తరువాతి లోడుతో వచ్చినప్పుడు తీసుకుంటామన్నారు. రేపటి కాటా నుంచి పట్టీలు మళ్లీ ప్రోగ్రామ్‌లోనే రాస్తాము.